సీరియల్ చూడకుండా ‘ఇమ్‌జాదీ’ నవల చదవొచ్చా?

‘స్టార్ ట్రెక్’ అనే అమెరికన్ అంతరిక్ష సీరియల్ చూడలేదు, దాని మీద వచ్చిన ‘ఇమ్‌జాదీ’ అనే ఇంగ్లీషు నవల పాత పుస్తకాల్లో దొరుకుతోంది, కొనమంటారా అని అడిగారు. టీవీ సీరియల్ పేరు పెట్టుకుని వచ్చే నవలలు కాలక్షేపానికి తప్ప ఎందుకూ పనికిరావని మీ స్నేహితులు అంటున్నారని కూడా రాశారు. కొనండి. నేనూ సీరియల్ చూడకుండానే చదివాను. చదివాక ఊరుకోలేక మా ఇంట్లోవాళ్ల చేతా చదివించాను. ఒకరి అభిప్రాయం ఒకరికి కలవలేదు గానీ మధ్యలో వదిలేసినవాళ్లు మాత్రం లేరు.

ముందు కథ ఏమిటో కొంచెం చెప్తాను, ముడి విప్పను. విల్ రైకర్ ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌకలో కెప్టెన్ తర్వాతి అధికారి. డియానా ట్రాయ్ అదే నౌకలో కౌన్సెలర్, ఎదుటివాళ్ల మనసులో ఏం కదులుతోందో పసిగట్టగలదు. ఒకప్పుడు ప్రేమించుకుని విడిపోయారు. ‘ఇమ్‌జాదీ’ అంటే డియానా వాళ్ల భాషలో ‘ప్రియమైన’ అని. 1987 నుంచి 1994 దాకా వచ్చిన ‘ది నెక్స్ట్ జనరేషన్’ సీరియల్లో ఏడు సీజన్లూ ఒకే నౌకలో పక్కపక్కనే తిరుగుతారు, కానీ ఏదీ తేల్చుకోరు. పీటర్ డేవిడ్ 1992లో ఈ నవల రాసేనాటికి సీరియల్ ఇంకా నడుస్తోంది. ఆయన మాత్రం కథని ఏళ్ల తరబడి ముందుకి తీసుకెళ్లిపోయాడు. అక్కడ రైకర్ డెబ్బై దాటిన ముసలాయన. మారుమూల స్థావరంలో అడ్మిరల్. డియానా ఎప్పుడో చిన్నవయసులోనే చనిపోయింది. ఆమె తల్లి లవాక్సానా ఆఖరి ఘడియల్లో ఆయన్ని పిలిపించుకుని, నా కూతురి చావుకి నువ్వే కారణం అంటుంది.

ఈ ఘట్టం చదివినప్పుడు నేను నర్సాపురం రేవులో పంటు మీద ఉన్నాను. స్కూలు అయ్యాక సఖినేటిపల్లి వైపు దాటేటప్పుడు చదువుకోవడం నాకు అలవాటు. చుట్టూ మోటార్ సైకిళ్లు, అరటి గెలలు, ఇంజను చప్పుడు. అవతలి రేవు వచ్చి అందరూ దిగుతున్నా నేను రెయిలింగ్ దగ్గరే నిలబడి ఉంటే, టికెట్లు కోసే అబ్బాయి ‘దిగండి మేడమ్, మళ్లీ అటు వెళ్లిపోతారు’ అన్నాడు. రైకర్ ఎవరో, లవాక్సానా ఎవరో నాకు అప్పటికి తెలియదు. సీరియల్ తెలియకపోతే అర్థమవుతుందా అన్న మీ ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు ఇదే.

మా వదిన, అంటే మావారి అక్కగారు, రాజోలులో ఉంటారు. అంతరిక్షం అంటేనే ఆమెకి గిట్టదు. నౌకల గొడవ వచ్చిన పేజీలన్నీ గబగబా తిప్పేశారు. లవాక్సానా దగ్గర మాత్రం ఆగిపోయారు. వాళ్ల వీధిలో ఒక పెద్దావిడ కూతురు పోయాక అల్లుడి మొహం చూడలేదట. ఆయన ఏటా తద్దినానికి వచ్చి అరుగు మీద కూర్చుని వెళ్లిపోయేవాడట. ‘ఈ ముసలాయన బాధ నాకు తెలుసు, ఆ తల్లిదీ తెలుసు’ అన్నారు వదిన. ఆ వెంటనే ఒక ఫిర్యాదు కూడా చేశారు. ‘పిల్ల పోయిందని అందరూ ఏడుస్తారు గానీ, ఆ పిల్ల మనసులో ఏముందో ఎవడూ సరిగ్గా చెప్పడు. వాడి దుఃఖమే పుస్తకమంతా.’ ఈ మాట గురించి నేను చాలా ఆలోచించాను. నిజమే. మధ్యలో వాళ్లిద్దరూ మొదటిసారి కలుసుకున్న రోజుల కథ చాలా పేజీలు నడుస్తుంది, అక్కడ డియానా తెలివీ పంతమూ బాగా కనిపిస్తాయి. అయినా కథకి ఇరుసు రైకరే. ఎదుటివాళ్ల మనసు తెలుసుకోగల మనిషిని పెట్టుకుని ఆమె మనసుకి చోటు తగ్గించడం ఈ పుస్తకంలో పెద్ద లోటు. నేను నాలుగుసార్లు వెనకేసుకొచ్చినా వదిన ఒప్పుకోలేదు, చివరికి నేనే ఒప్పుకున్నాను.

మావయ్యది పూర్తిగా వేరే గొడవ. ఆయన 80ల్లో దూరదర్శన్‌లో 60ల నాటి పాత స్టార్ ట్రెక్ చూసిన మనిషి. అందులోని కర్క్, స్పాక్ తప్ప మిగతావాళ్లంతా ఆయన లెక్కలో కొత్తవాళ్లే. ఆయన్ని పట్టి చదివించింది గార్డియన్ ఆఫ్ ఫరెవర్. గడిచిపోయిన కాలంలోకి దారి తెరిచే రాతి ద్వారం అది. 1967లో వచ్చిన ‘ది సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్’ ఎపిసోడ్‌లో కెప్టెన్ కర్క్ ఆ ద్వారంలోంచి 1930 నాటి న్యూయార్క్ వెళ్తాడు. అక్కడ ఎడిత్ కీలర్‌ని ప్రేమిస్తాడు. ఆమె బతికితే చరిత్ర తారుమారై యుద్ధంలో హిట్లర్ గెలుస్తాడు. అందుకని కళ్లెదుటే ఆమె బండి కింద పడుతుంటే, కాపాడబోయిన మిత్రుణ్ని కర్క్ పట్టుకుని ఆపేస్తాడు. పీటర్ డేవిడ్ అదే ద్వారాన్ని తెచ్చి రైకర్ ముందు పెట్టాడు. ఈయన చరిత్ర ఏమైపోయినా సరే, డియానాని బతికించుకోవాలంటాడు. ఆపడానికి వచ్చేది ఒకప్పటి సహచరుడు డేటా. మనిషి చేసిన యంత్రం, ఇప్పుడు పెద్ద హోదాలో ఉంటాడు. ఇద్దరిదీ న్యాయమే. ‘కర్క్ చేసిందే రైటు, వీడు స్వార్థపరుడు’ అని మావయ్య ఖరాఖండీగా తేల్చేశారు. అలా అన్నవాడు చివరి వంద పేజీలు రాత్రి భోజనం కూడా మానేసి చదివాడని అత్తయ్య చెప్పింది.

నా దగ్గర ఇంటర్ ట్యూషన్‌కి వచ్చే ఒక కుర్రాడు కూడా చదివాడు. కాలంలో వెనక్కి వెళ్లే లెక్కలో తప్పులు పట్టాడు. పడితే పట్టాడు, నాకు అవి పెద్దగా అడ్డు రాలేదు.

ఇక మీ స్నేహితుల మాట. సీరియల్ నవలల మీద ఉన్న అసలు ఫిర్యాదు ఏమిటంటే, వాటిల్లో ఏం జరిగినా జరగనట్టే. పాత్రలు రచయితవి కావు, నిర్మాణ సంస్థవి. రాసినది వాళ్లు చూసి ఒప్పుకుంటేనే అచ్చవుతుంది. వచ్చే వారం ఎపిసోడ్‌లో కనిపించాల్సిన మనిషిని నవలలో చంపడానికి లేదు, పెళ్లి చేయడానికీ లేదు. అందుకని చాలా పుస్తకాల్లో మూడు వందల పేజీల హడావిడి తర్వాత అందరూ మొదట ఉన్నచోటికే వచ్చి నిలబడతారు. అలాంటివి నేనూ కొన్ని చదివాను, ఒక్క పేరూ గుర్తులేదు. ‘ఇమ్‌జాదీ’ గొప్పతనం ఇక్కడే ఉందని నా నమ్మకం. పీటర్ డేవిడ్ ఆ కట్టుబాటునే కథగా మార్చుకున్నాడు. ఈ భవిష్యత్తు చెరిగిపోవచ్చు అని మొదటే తెలిసినప్పుడు ఎవరినైనా చంపొచ్చు, ఎవరినైనా ముసలివాణ్ని చేయొచ్చు. నడుస్తున్న సీరియల్లో కెమెరాకి దొరకని వార్ధక్యం, ఆలస్యంగా వచ్చే పశ్చాత్తాపం ఇక్కడ తీరిగ్గా దొరుకుతాయి. అన్నీ చెరిగిపోతాయని తెలిసినా రైకర్ పడే ఆరాటం తేలిపోదు, ఎందుకంటే చెరిపేయాలనుకుంటున్నదీ ఆయనే.

పైగా ఇవన్నీ గాలికి పోయే రాతలేం కావు. పాత స్టార్ ట్రెక్‌లోని సులూ అనే పాత్రకి ‘హికారు’ అన్న పేరు పెట్టింది వోండా మెకింటైర్, 1981లో వచ్చిన ‘ది ఎంట్రపీ ఎఫెక్ట్’ నవలలో. పదేళ్లకి, 1991లో వచ్చిన ఆరో స్టార్ ట్రెక్ సినిమాలో అదే అధికారికమైంది. ఇంగ్లండ్‌లో అయితే బీబీసీ 60ల నాటి ‘డాక్టర్ హూ’ అనే సైన్స్ ఫిక్షన్ సీరియల్ ఎపిసోడ్లు చాలా చెరిపేసింది. పోయిన ఆ కథలు తర్వాతి పిల్లలకి తెలిసింది ఎక్కువగా నవలల ద్వారానే. మనకి ఈ వరస తిరగబడి ఉంటుంది కాబట్టి చిన్నచూపు తేలిగ్గా వస్తుందేమో. యద్దనపూడి ‘మీనా’ ముందు నవల, 1973లో సినిమా. నవలే అసలు, తెర తర్వాత అన్న లెక్కలో పెరిగినవాళ్లం. ఏది ముందొచ్చిందో చూసి పుస్తకానికి విలువ కట్టకండి.

పుస్తకంలో నాకు నచ్చనివి కూడా చెప్పాలి. కుర్ర రైకర్ మొదట్లో మరీ దూకుడుగా ఉంటాడు, సరసం కొన్నిచోట్ల మోటుగా అనిపిస్తుంది. మధ్య భాగంలో దుండగులు ఎత్తుకుపోవడం, అడవిలో తిరగడం కొంచెం సాగదీశారు. అక్కడ విసుగొస్తే పది పేజీలు వదిలేసినా కథ తెగదు. చివరి భాగంలో మాత్రం ఒక్క పేజీ కూడా వదలకండి.

పాత కాపీ కాబట్టి కొనేముందు వెనక అట్ట దగ్గర బైండింగ్ చూడండి. మీరూ డెల్టావాళ్లమని రాశారు కదా, మన చెమ్మకి జిగురు వదిలేసి పేజీలు ఊడిపోతాయి. నా కాపీలో అలాగే ఊడితే దారంతో కుట్టించాను. వర్షాకాలంలో బీరువాలో వేపాకు వేసి ఉంచుతాను.

వీలైతే చదివే ముందు రెండు ఎపిసోడ్లు చూడండి: పైన చెప్పిన 1967 నాటిది, ఇంకా ‘ది నెక్స్ట్ జనరేషన్’ మొట్టమొదటి ఎపిసోడ్ ‘ఎన్‌కౌంటర్ ఎట్ ఫార్‌పాయింట్’. రైకర్, డియానా చాలా ఏళ్లకి మళ్లీ ఎదురుపడేది అందులోనే. చూడకపోయినా నష్టం లేదు. అదే రచయిత 1998లో రాసిన రెండో భాగం, ‘ట్రయాంగిల్’, దొరికినా ఇప్పుడే కొనకండి. అది డియానాకీ, అదే నౌకలోని మరో అధికారి వార్ఫ్‌కీ మధ్య నడిచిన కథ, సీరియల్ చివరి సీజన్ చూడనివాళ్లకి ఎక్కదు.