అబ్‌స్ట్రాక్ట్ రాసే ముందు మీ ఫలితాన్ని ఇంట్లో తెలుగులో చెప్పి చూడండి

కర్నూలులో డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నానని, యూనివర్సిటీలో జరిగే విద్యార్థుల పరిశోధన ప్రదర్శనకు 250 పదాల అబ్‌స్ట్రాక్ట్ (చేసిన పని, తేలింది క్లుప్తంగా చెప్పే సారాంశం) పంపాలని, ప్రాజెక్టేమో ఇంకా సగంలోనే ఉందని రాశారు. అనంతపురంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివేటప్పుడు నేనూ ఇదే టెన్షన్ పడ్డాను.

నా ప్రాజెక్టు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మీద. రెండు మండలాలు తిరిగి 24 బోర్ల నీళ్లు ప్లాస్టిక్ సీసాల్లో పట్టుకొచ్చి కొలిచాను. అబ్‌స్ట్రాక్ట్ మాత్రం 'నీరు సమస్త జీవకోటికి ప్రాణాధారం' అని మొదలుపెట్టాను. రాయలసీమ కరువు, ఎండిపోతున్న బోర్లు, గ్రానైట్ రాళ్ల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి ఎలా దిగుతుంది, ఇవన్నీ చెప్పేసరికే 160 పదాలు అయిపోయాయి. నేను కనుక్కున్నదానికి చివర్లో మిగిలింది ఒక్క ముక్క: 'ఫలితాలు చర్చించబడినవి'. మా గైడు సారు దాని చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, "చర్చించినావు సరే, ఏం తేలిందమ్మా?" అన్నారు.

ఆ రాత్రి ఇంట్లో నాయన విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తుంటే, పక్కన కూర్చుని అదంతా తెలుగులో చెప్పాను. చెయ్యి ఆపకుండానే విని, "అయితే ఆ నీళ్లు తాగొచ్చునా, తాగగూడదా?" అన్నాడు. నేను రాసిన దాంట్లో ఎక్కడ వెతికినా దానికి జవాబు లేదు.

ముందుగా ఆ జవాబే రాసుకున్నాను. పరీక్షించిన 24 బోర్లలో 9 బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటింది. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. ఈ హద్దు కూడా అబ్‌స్ట్రాక్ట్‌లో పెట్టాను. పెట్టకపోతే ఆ అంకె కెమిస్ట్రీ వాళ్లకు తప్ప ఎవరికీ అర్థం కాదు. అలాంటి ప్రదర్శనల్లో మీది చదివేది మీ సబ్జెక్టు వాళ్లే అవుతారన్న నమ్మకం లేదు.

అందుకే మీరు కూడా ఫలితం వాక్యం ముందు రాసుకోండి. తర్వాత అది ఎలా కనుక్కున్నారో రెండు మూడు వాక్యాల్లో చెప్పండి. ఈ పని ఎందుకు ఎత్తుకున్నారో మొదట్లో ఒకటి రెండు వాక్యాలు చాలు.

ఇక ప్రాజెక్టు సగంలో ఉండటం గురించి. దానికి భయపడకండి, కానీ దాచకండి. ఇప్పటిదాకా ఎన్ని శాంపిళ్లు చూశారో, వాటిలో ఏం కనిపించిందో ఉన్నదున్నట్టు రాసి, మిగతావి జరుగుతున్నాయని చెప్పండి. ఫలితం ఇలా వస్తుందేమోనని ముందే రాసేస్తే, తర్వాత వేరేలా వచ్చినప్పుడు పోస్టరు ముందు నిలబడి మీరే ఇబ్బంది పడతారు. చేసినదానికంటే పెద్ద మాటా వద్దు. నేను 'అనంతపురం జిల్లాలో' అని రాస్తే సారు "జిల్లా అంతా తిరిగినావా?" అని అడిగారు. అప్పుడు 'రెండు మండలాల్లో' అని దిద్దుకున్నాను.

ఆన్‌లైన్ ఫారంలో పేస్ట్ చేశాక ఒకసారి మళ్లీ చదవండి. మైక్రో గుర్తు (µ), పైన కింద వేసే చిన్న అంకెలు ఒక్కోసారి మారిపోతాయి. పదాలు హద్దు దాటితే కొన్ని ఫారాలు చివరి వాక్యాన్ని కత్తిరించేస్తాయి. మీతో కలిసి పనిచేసిన వాళ్ల పేర్లు ఏ వరసలో ఉండాలో ముందే మాట్లాడుకోండి. గైడుకు కనీసం మూడు రోజుల ముందు ఇవ్వండి, ఆఖరి రాత్రి ఇస్తే ఆయన స్పెల్లింగులు తప్ప ఏమీ దిద్దలేరు.

మీ ప్రాజెక్టు దేని మీదో రాయలేదు. ఇప్పటిదాకా తేలింది ఒక్క వాక్యంలో ఇక్కడ పెట్టండి, ఇంగ్లీషులో కాకపోయినా పర్వాలేదు, చూసి చెబుతాను.