పైన ఐసు కడుతూ కింద చల్లబడని ఫ్రిజ్

నమస్కారమండీ. ఫ్రీజర్‌లో ఐసు బాగానే కడుతున్నా, కింది అరలో పాలు సాయంత్రానికే విరిగిపోతున్నాయని, కూరగాయల డబ్బా కింద నీరు చేరుతోందని, మెకానిక్ గ్యాస్ నింపాలంటున్నాడని మీరు పలాస నుంచి రాశారు. గ్యాస్ తగ్గితే సాధారణంగా ఫ్రీజర్ కూడా బలహీనపడుతుంది కాబట్టి తొందరపడకండి. మీది ఫ్రాస్ట్ ఫ్రీ (మంచును తనంతట తానే కరిగించుకునే) రకం కనుక, ఫ్రీజర్ వెనుక పలక చాటున ఉండే కాయిల్ (చల్లదనాన్నిచ్చే గొట్టాల చుట్ట) మీద మంచు పేరుకుని, చల్లగాలి కిందికి దిగే దారిని మూసివేసి ఉంటుందని నా అనుమానం.

ప్లగ్ తీసి, తలుపులు తెరిచి, కింద పాత దుప్పటి పరిచి 24 గంటలు వదిలేయండి. చాకుతో మాత్రం గీకవద్దు. విజయనగరంలో మా పాత ఒంటి తలుపు ఫ్రిజ్‌ను నేను అలాగే గీకి, సన్నని బుస్సుమనే శబ్దంతో గ్యాస్ మొత్తం పోగొట్టుకున్నాను. మంచు కరిగాక నీరు పోయే రంధ్రంలో గోరువెచ్చని నీళ్లు కొద్దిగా పోస్తే, అవి వెనుక కంప్రెసర్ దగ్గరున్న పళ్లెంలోకి దిగాలి. తలుపు మూసి రబ్బరు మధ్య పెట్టిన 10 రూపాయల నోటు సులువుగా జారివస్తే, తేమగాలి లోపలికి పోతున్నట్టే. ముందు సబ్బునీటితో రబ్బరు తుడిచి చూడండి.

పది రోజుల్లో మంచు మళ్లీ పేరుకుంటే, డీఫ్రాస్ట్ హీటరును (కాయిల్ మీది మంచును కరిగించేది), దాని థర్మోస్టాట్‌ను (చలిని బట్టి హీటరుకు కరెంటు ఇచ్చి, ఆపే స్విచ్చి) మల్టీమీటరుతో (కరెంటు కొలిచే పరికరం) పరీక్షించమని మెకానిక్‌ను అడగండి.