ముందు ముగిసేదాన్ని ముందు తీసుకో

అమ్మలూ,

నిన్న ఫోన్లో ‘గ్రీడీ అంటే దేన్ని బట్టి సార్ట్ చేయాలో తెలియడం లేదు పెద్దమ్మా’ అన్నావు. గ్రీడీ అంటే ప్రతి అడుగులో అప్పటికి మేలనిపించినదాన్ని తీసుకుంటూ వెళ్లడం, సార్ట్ అంటే వరుసలో పెట్టడం. ఒకే చోట, ఒకదానితో ఒకటి ఢీకొనకుండా వీలైనన్ని ఎక్కువ పనులు ఎలా పట్టించాలి అన్నదే మన ప్రశ్న. చాలా ఏళ్ల కిందట ఒక ఇంటర్వ్యూలో నేనూ అక్కడే ఆగిపోయాను. చిన్న పనిని ముందు తీసుకుంటే ఎక్కువ పనులు పడతాయని ధైర్యంగా చెప్పాను. ‘ఎందుకు?’ అనగానే నోరు పెగల్లేదు.

మా మారతహళ్లి అపార్ట్‌మెంట్ హాలే తీసుకో. ఆదివారం 9 నుంచి 12 దాకా వ్రతం, 11 నుంచి 1 దాకా పుట్టినరోజు, 12 నుంచి 4 దాకా సీమంతం అనుకుందాం. చిన్నది కదా అని పుట్టినరోజుకి ఇచ్చావా, మిగతా రెండూ పోయాయి. పోనీ ముందు మొదలయ్యేదానికి ఇద్దామంటే, ఉదయం 6 నుంచి రాత్రి 9 దాకా భజన అని ఇంకొకరు వస్తారు. రోజంతా వాళ్లదే. అదే ముందు ముగిసేదానికి ఇస్తే, మిగతావాళ్లకు అంతకంటే ఎక్కువ సమయం మిగిల్చే దారి లేదు.

రుజువు కూడా నోటికి రావాలి. ముందు ముగిసేవాటితో నువ్వు చేసిన జాబితా కంటే పెద్దది ఎవరో తెచ్చారనుకో. అందులో మొదటి ఫంక్షన్ నీ మొదటిదాని కంటే ముందు ముగియదు. దాన్ని తీసేసి నీది పెట్టు. తర్వాతివేవీ కదలవు, లెక్క తగ్గదు. అలా ఒక్కొక్కటీ మార్చుకుంటూ వెళ్లు. చివర్లో వాళ్లకు ఒకటి మిగిలిందంటావా, అది ఖాళీలో పట్టేదే కాబట్టి నువ్వే తీసుకుని ఉండేదానివి.

కోడ్ చిన్నదే. సార్ట్‌కి సుమారు ఎన్ లాగ్ ఎన్ అడుగులు (ఎన్ అంటే ఫంక్షన్ల సంఖ్య), తర్వాత చివరి ముగింపు సమయం ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. 12కి ముగిసేది, 12కి మొదలయ్యేది ఢీకొన్నట్టా కాదా అని మాత్రం ఇంటర్వ్యూ చేసేవాళ్లను ముందే అడుగు.

అందరికీ ఇవ్వాలి, ఎన్ని హాళ్లు కావాలి అంటే ప్రశ్న మారిపోయినట్టే. అప్పుడు మొదలయ్యే సమయంతో సార్ట్ చేసి, ముగింపు సమయాలు, అన్నిటికంటే చిన్నదాన్ని ఎప్పుడూ పైన ఉంచే మిన్ హీప్‌లో పెట్టు. ఒకేసారి అత్యధికంగా ఎన్ని నడుస్తాయో అన్ని హాళ్లు. ఒక్కోదానికి ఒక్కో అద్దె ఉండి, మొత్తం అద్దె ఎక్కువ రావాలంటే ఈ పద్ధతి నిలవదు, చిన్న చిన్న భాగాల జవాబులు దాచుకుని పెద్దదాన్ని కట్టే డైనమిక్ ప్రోగ్రామింగ్‌కి వెళ్లు.

ఒకటి నీకే వదిలేస్తున్నాను. అందరికంటే తక్కువ వాటితో ఢీకొనేదాన్ని ముందు తీసుకుంటే? అదీ తప్పే. 11 ఫంక్షన్లతో తప్పని చూపించవచ్చు. గీతలు గీసి చూడు, శనివారం వచ్చేటప్పుడు ఆ కాగితం తెచ్చుకో.

మీ పెద్దమ్మ,
బెంగళూరు