టెక్ సందేహాలు: ఫైటింగ్ గేమ్‌లో అతిథి పాత్రలకు చోటుందా?

ప్రశ్న: సంక్రాంతి సెలవులకు పాలకొల్లులో మా మేనమామగారింట్లో అందరం చేరి స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్ ఆడుతుంటాం. నింటెండో వాళ్ల ఆటలోకి మెటల్ గేర్ స్నేక్, స్ట్రీట్ ఫైటర్ ర్యూ, మైన్‌క్రాఫ్ట్ స్టీవ్ వంటి బయటివాళ్లను తెచ్చి ఆటను పాడుచేశారని మా బావ అంటాడు. వాళ్లు లేకపోతే నేనా గేమ్ కొనేవాణ్నే కాదు. ఎవరి మాట సరైనదండీ?
– ఇంజినీరింగ్ విద్యార్థి, భీమవరం

జవాబు: మీ బావ అభ్యంతరం కొట్టిపారేయదగినది కాదు. 1999లో నింటెండో 64 మీద మొదటి స్మాష్ బ్రదర్స్ వచ్చినప్పుడు అందులోని 12 మందీ నింటెండో గేమ్‌లవాళ్లే. 2008 నాటి స్మాష్ బ్రదర్స్ బ్రాల్‌లో కొనామీ నుంచి స్నేక్, సెగా నుంచి సోనిక్ రావడంతో బయటి కంపెనీలకు తలుపు తెరుచుకుంది. 2018లో విడుదలైన అల్టిమేట్‌లో, 2021 అక్టోబరులో కింగ్‌డమ్ హార్ట్స్ గేమ్ నాయకుడు సోరాతో చేర్పులు ముగిసేసరికి పాత్రల సంఖ్య 80 దాటింది. ఇంతమందిలో సినిమా, టీవీల నుంచి తెచ్చినవారు ఒక్కరూ లేరన్నది గమనించాలి. మారియో, లింక్, పికాచూలు సైతం వేర్వేరు గేమ్‌ల నుంచి తెచ్చి ఒకచోట నిలబెట్టినవారే కాబట్టి, క్రాసోవర్ గేమ్‌లో కంపెనీ పేరును బట్టి మనవాళ్లు, బయటివాళ్లు అని విడదీయడం నాకు అంతగా నప్పినట్లు అనిపించదు.

నా దృష్టిలో అసలు పరీక్ష జరగాల్సింది కంట్రోలర్ మీద. అల్టిమేట్‌లో ర్యూను ఎంచుకుని చూడండి. దాడి బటన్‌ను తట్టి వదిలితే ఒక దెబ్బ, నొక్కి పట్టుకుంటే మరో బలమైన దెబ్బ పడతాయి. చేతుల్లోంచి శక్తిగోళం వదిలే హడోకెన్ దాడి ఒక్క బటన్‌తోనే వస్తుంది గాని, స్టిక్‌ను కిందికి, ఏటవాలుగా, ముందుకి తిప్పి కొడితే దాని బలం పెరుగుతుంది. ఇద్దరే తలపడుతున్నప్పుడు అతను ఎప్పుడూ ప్రత్యర్థి వైపే తిరిగి ఉంటాడు. ఇవన్నీ స్ట్రీట్ ఫైటర్ అలవాట్లు. అయినా అతనికి కూడా అందరిలాగే దెబ్బలు శాతాల్లో పెరగాలి, వేదిక అవతలికి పడితేనే ఓడిపోవాలి. ఒకప్పుడు మన గోదావరి ఊళ్లలో కంట్రాక్టు నాటకాలకు వేర్వేరు సమాజాల నుంచి పేరున్న నటులను పిలిపించినప్పుడు, ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు ఎవరి బాణీలో వారు పద్యం అందుకున్నా, అందరూ ఒకే హార్మోనియం శ్రుతికి కట్టుబడేవారు. నేను అతిథి పాత్రల నుంచి కోరేది అదే.

ఈ కొలతతో చూస్తే మరో ఫైటింగ్ గేమ్ టెక్కెన్ 7లో స్ట్రీట్ ఫైటర్ అకుమా చక్కగా కుదిరాడు. బలం మరీ ఎక్కువైందన్న ఫిర్యాదులు వచ్చిన మాట నిజమే. అయినా తన సూపర్ మీటర్‌ను (పోరులో నిండుతూ పెద్ద దాడులకు పనికొచ్చే కొలమానం), చేతుల్లోంచి వదిలే అగ్నిగోళాలను టెక్కెన్ త్రీడీ పోరులోకి తెచ్చుకోవడమే కాక, టెక్కెన్‌కు కేంద్రమైన మిషిమా కుటుంబ కథలో ఆ ఇంటి పెద్ద హెయ్‌హాచి భార్య కజుమి కోరిక మీద వచ్చినవాడిగా ఇమిడిపోయాడు. అదే గేమ్‌లోకి 2019లో వచ్చిన నీగన్ 'ది వాకింగ్ డెడ్' సీరియల్ విలన్, టీవీ తెర మీది ముఖం. బ్యాట్ పట్టుకొని నిలబడితే గుర్తుపడతాం గాని, అతను వచ్చినందువల్ల ఆటలో ఏం పెరిగిందో నాకు తోచలేదు.

మీ బావ వాదానికి బలం దొరికేది స్టీవ్ దగ్గరే. నేల తవ్వుకోవడం, పనిముట్లు చేసుకోవడం, గాల్లో దిమ్మెలు పేర్చడం మైన్‌క్రాఫ్ట్‌కు ప్రాణం, అవన్నీ స్మాష్‌లోకి వచ్చాయి. వాటికోసం అన్ని వేదికలనూ సవరించాల్సి వచ్చిందని దర్శకుడు మసాహిరో సకురాయ్ స్వయంగా చెప్పారు. స్టీవ్ తన సొంత గేమ్‌కు న్యాయం చేశాడు, కానీ ఎదుటివాడి ఆటను తన చుట్టూ తిప్పుకుంటాడు. కొన్ని పోటీల్లో అతన్ని నిషేధించారు కూడా. మామయ్యగారి హాల్లో మీరూ స్టీవ్ వద్దని ఒప్పందం చేసుకుంటే గొడవ సగం తగ్గుతుంది. స్నేక్ జోలికి మాత్రం వెళ్లవద్దని మీ బావతో చెప్పండి.

ప్రశ్న: డబ్బు పెట్టి కొన్న అతిథి పాత్రలు లైసెన్సు గడువు తీరితే మాయమవుతాయా?
– అమలాపురం

జవాబు: సాధారణంగా లైసెన్సు తీరితే ఆగిపోయేది కొత్త అమ్మకాలే. మీరు ముందే కొన్నది మీ ఖాతాలో ఉంటుంది. మార్వెల్ కామిక్ వీరులు క్యాప్‌కామ్ గేమ్ పాత్రలతో తలపడే మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 2 డిజిటల్ అమ్మకాలు 2013 చివర్లో ఆగిపోయాయి, మళ్లీ అధికారికంగా డిజిటల్‌లో కొనుక్కోవడానికి 2024 సెప్టెంబరులో వచ్చిన సంకలనం దాకా ఆగాల్సి వచ్చింది. సోల్ క్యాలిబర్ 2 అనే ఫైటింగ్ గేమ్‌లో ఒక్కో కన్సోల్‌కు ఒక్కో అతిథిగా గేమ్‌క్యూబ్‌కు నింటెండో లింక్, ప్లేస్టేషన్ 2కు టెక్కెన్ హెయ్‌హాచి, ఎక్స్‌బాక్స్‌కు కామిక్ పాత్ర స్పాన్ వచ్చారు. 2013 నాటి హెచ్‌డీ కూర్పులో హెయ్‌హాచి, స్పాన్ ఉన్నారు గాని లింక్ లేడు. ప్రధానంగా సర్వర్ మీద ఆధారపడే గేమ్‌ల సంగతి వేరు. 2025 మే నెలాఖరున వార్నర్ బ్రదర్స్ పాత్రలతో వచ్చిన మల్టీవర్సస్ అనే ఫైటింగ్ గేమ్ సర్వర్లను మూసేశారు. అలాంటి గేమ్‌లో పాత్రలకు డబ్బు పెట్టేముందు, ఇంటర్నెట్ లేకుండా అది ఆడుతుందో లేదో చూసుకోండి. వానాకాలంలో లైను తెగితే ఆట కూడా ఆగిపోయే గేమ్‌కు నేనైతే సీజన్ పాస్ (రాబోయే పాత్రలకు ముందే కట్టే మొత్తం) కొనను.

ప్రశ్న: కువైట్‌లో ఉన్న అన్నయ్య టెక్కెన్ 8 డిస్కు తెస్తున్నాడు. అందులో క్లైవ్ ఉంటాడా?
– రాజోలు

జవాబు: ఉండడు. ఫైనల్ ఫ్యాంటసీ 16 నుంచి వచ్చిన క్లైవ్ 2024 డిసెంబరులో డీఎల్‌సీగా, అంటే డౌన్‌లోడ్ చేసుకునే అదనపు భాగంగా విడుదలయ్యాడు, విడిగా కొనాలి. ప్లేస్టేషన్‌లో డిస్కు ఒక ప్రాంతానిది, మీ ఖాతా మరో ప్రాంతానిది అయితే డీఎల్‌సీ పనిచేయకపోవచ్చు. అందువల్ల డిస్కు చేతికి రాకముందే పాత్రను కొనవద్దు. అది ఏ ప్రాంతపు విడుదలో డబ్బా మీది ముద్రను ఫొటో తీసి పంపమని మీ అన్నయ్యను ముందే అడగండి. కొన్నాక పీఎస్5 సెట్టింగుల్లో కన్సోల్ షేరింగ్‌ను ఆన్‌లో ఉంచితే, ఇంట్లో మిగతావాళ్లు కూడా తమ ఖాతాల నుంచి అదే కన్సోల్‌లో క్లైవ్‌తో ఆడుకోవచ్చు.