ముందింటి టీ, వెనకింటి టీ

ప్రశ్న: జపాన్‌లోని క్యోటోలో చదువుతున్న మా మనవరాలు అక్కడి సంప్రదాయ టీ వేడుక నేర్పే క్లాసులకు వెళ్తోంది. 'మాది ఉరాసెంకే, మా పెద్ద గురువుగారు 16వ తరం' అని గొప్పగా చెప్తోంది. ఒమోతెసెంకే అని ఇంకోటి కూడా ఉందట. టీ కలపడానికి తరాలేమిటండీ?
- ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఇది అచ్చంగా అన్నదమ్ముల వాటాల కథ, మనకి కొత్తేం కాదు. సెన్ ఇంటిపేరు, ఒమోతె అంటే ముందు, ఉరా అంటే వెనక. ముందింటి సెన్‌వాళ్లు, వెనకింటి సెన్‌వాళ్లు, అంతే.

మూలపురుషుడు సెన్ నో రిక్యూ (1522–1591), సకాయ్ రేవుపట్నంలో వర్తకుల బిడ్డ. పాలకుడు హిదెయోషికి టీ గురువుగా ఉండి, చివరికి ఆయన ఆజ్ఞతోనే పొట్ట కోసుకుని చనిపోయాడు. ఎందుకన్నది ఇప్పటికీ తగువే. సొంత కొడుకు వైపు వంశం నిలవలేదు. నిలబెట్టింది షోఆన్. రిక్యూ రెండో భార్యకి ఆమె మొదటి భర్త వల్ల పుట్టిన ఈయన రిక్యూ కూతుర్నే చేసుకున్నాడు, అంటే కొడుకూ ఆయనే, అల్లుడూ ఆయనే!

వాళ్లబ్బాయి సోతాన్ పెద్దవయసులో ముందువైపున్న ఫుషిన్-ఆన్ అనే టీ గదిని మూడో కొడుకు సోసాకి అప్పగించి, పెరటివైపు కొన్నిచి-ఆన్ అని చిన్న గది వేసుకుని ఆఖరివాడు సోషిత్సుతో అందులోకి మారిపోయాడు. మీ మనవరాలిది ఆ పెరటిల్లే. రెండోవాడు సోషు లక్కపని చేసేవాళ్లింటికి దత్తు పోయి, మళ్లీ వెనక్కొచ్చి ముషాకోజి వీధిలో మూడో ఇల్లు పెట్టాడు. పెద్దవాడికి తండ్రితో పడలేదు, వాటా లేదు.

తరాల లెక్క రిక్యూతో మొదలు, సోషిత్సు నాలుగో తరం. అక్కణ్ణుంచి వెనకింటి పెద్దలందరిదీ సోషిత్సు పేరే, ఇప్పటి 16వ ఆయనది కూడా. అంతా రక్తసంబంధమే అనుకోకండి, 11వ ఆయన గెంగెన్‌సాయ్ వేరే ఇంటి నుంచి దత్తు వచ్చినవాడు. 1872లో కుర్చీ, బల్ల మీద టీ ఇచ్చే పద్ధతి పెట్టింది ఈయనే (మోకాళ్ల నొప్పుల వాళ్ల తరఫున దణ్ణం).

సెలవులకు వచ్చినప్పుడు మనవరాల్ని కలిపి ఇమ్మనండి. వేణ్ణీళ్లలో పచ్చ టీపొడి వేసి, వెనకింటివాళ్లు నురగ గిన్నెంతా పరుచుకునేలా చిలుకుతారు, ముందింటివాళ్లయితే తక్కువ నురగతో అర్ధచంద్రంలా కొంత ఖాళీ వదులుతారు. పాలూ పంచదారా మాత్రం అడక్కండి.