డీఎం సీటు వచ్చిన మా డాక్టరమ్మకు

అమ్మా,

సీటు వచ్చిందని నువ్వు ఫోన్ చేసినప్పుడు ఓపీలో ఉన్నాను, తీరిగ్గా మాట్లాడలేకపోయాను. ఎండీ పీడియాట్రిక్స్ అయ్యాక, ఆపై చదివే డీఎంలో పిల్లల క్యాన్సర్, రక్తవ్యాధులే చదువుతానని పట్టుబట్టావు. సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసి "రోజూ అలాంటి పిల్లల్ని చూస్తూ ఇది తట్టుకోగలదా అండీ?" అని అడిగింది. ఆవిడకు చెప్పిందే నీకూ రాస్తున్నాను. పిల్లల్లో ఎక్కువగా కనిపించే రక్త క్యాన్సర్, లింఫోబ్లాస్టిక్ లుకేమియా, వైద్యం సక్రమంగా అందే సంపన్న దేశాల్లో పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి నయమవుతోంది. మనం ఇంకా అక్కడికి చేరలేదంటే మందులు తెలియక కాదు. ఆలస్యంగా వస్తారు, ఇన్‌ఫెక్షన్లతో పోతారు, మధ్యలో మానేస్తారు. ఏ మందు ఎప్పుడు ఎంత ఇవ్వాలో చెప్పే ప్రోటోకాల్ నీకు ఆరు నెలల్లో కంఠతా వస్తుంది. ఈ మూడేళ్ళూ నీ కన్ను మాత్రం ఆ మూడింటి మీదే ఉండాలి.

మానేయడం గురించి ముందు చెప్తాను, ఎందుకంటే అందులో నా తప్పుంది. నేను ట్రైనింగ్‌లో ఉండగా పాడేరు వైపు నుంచి ఏడేళ్ళ బాబు వచ్చేవాడు. గట్టి కీమో అంతా అయిపోయి, జబ్బు తిరగబెట్టకుండా ఇంటి దగ్గర మాత్రలు వాడే మెయింటెనెన్స్‌లో పడ్డాడు. జుట్టు మళ్ళీ ఒత్తుగా వచ్చింది. ఒక మంగళవారం రాలేదు. నాట్ల రోజులు కదా, వచ్చే వారం వస్తారులే అనుకున్నాను. వచ్చే వారం ఆ ఊసే మర్చిపోయాను. నాలుగు నెలలకు వాంతులు, తలనొప్పితో తీసుకొచ్చారు. జబ్బు తిరగబెట్టి మెదడు నీటిలోకి చేరింది. తండ్రి అన్న మాట ఒక్కటే: "ఆడుకుంటున్నాడు కదమ్మా, తగ్గిపోయిందనుకున్నాం." జుట్టు వచ్చాక కూడా రెండేళ్ళ పైచిలుకు మందు ఎందుకు వాడాలో ఆయనకు అర్థమయ్యేలా నేను చెప్పనేలేదు.

అందుకే, రావలసిన బిడ్డ రాకపోతే ఆ సాయంత్రమే ఫోన్ చెయ్యి. మొదటిరోజే మూడు నంబర్లు రాసుకో. తండ్రిది, పక్కింటివాళ్ళది, ఆ ఊరి ఆశా కార్యకర్తది. ఆరోగ్యశ్రీ కింద వైద్యం ఉచితంగా అందినా బస్సు ఛార్జీలు, పోయిన కూలి, ఇంటి దగ్గర వదిలొచ్చిన చంటిబిడ్డ, ఇవేవీ ఏ కార్డులోనూ ఉండవు. అడిగితేనే చెప్తారు. నిర్ణయం ఊళ్ళో ఉన్న తాతయ్యదైతే ఆయనతోనూ నువ్వే మాట్లాడు. క్యాన్సర్ అన్న మాట దాచకు. ఒకసారి స్పష్టంగా చెప్పి, వాళ్ళు తేరుకునేదాకా నోరు మెదపకుండా పక్కన కూర్చో.

మెయింటెనెన్స్‌లో సిక్స్ ఎంపీ (మెర్‌కాప్టోప్యూరిన్) మాత్ర రోజూ, మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. ఈ రెండూ తారుమారైతే ప్రాణం మీదికొస్తుంది. "అర్థమైందా?" అని అడక్కు, అందరూ తలూపుతారు. స్ట్రిప్పు తల్లి చేతికిచ్చి, ఏది ఎప్పుడు వేస్తుందో ఆమెతోనే చెప్పించు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా మందుల కంపెనీ లెడర్లేలో ఉండగా తయారైన అమినాప్టెరిన్ అనే మందుకి దగ్గరి చుట్టం ఆ మెథోట్రెక్సేట్. 1948లో బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ప్రకటించిన 16 మంది లుకేమియా పిల్లల్లో పదిమందికి అమినాప్టెరిన్‌తో జబ్బు తగ్గుముఖం పట్టింది, అదీ కొన్నాళ్ళే. ఆ కొన్నాళ్ళ నుంచి ఇంతదూరం వచ్చిన మందు, వారం బదులు రోజూ వేసిన పొరపాటుకి బిడ్డను పోగొట్టకూడదు.

కీమో నడుస్తున్న బిడ్డకు జ్వరమొస్తే గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాల (న్యూట్రోఫిల్స్) కౌంట్లు 500 లోపున్నాయో లేదో రిపోర్టు వచ్చాక చూసుకోవచ్చు. ఫైలు మొదటి పేజీ మీద ఎర్ర ఇంకుతో తెలుగులోనే రాయి, "కీమో బిడ్డ, జ్వరం, వెంటనే చూడాలి" అని. అర్ధరాత్రి క్యాజువాలిటీలో ఆ తల్లి తరఫున మాట్లాడేది ఆ కాగితమే.

విన్‌క్రిస్టీన్ అనే కీమో మందు నరంలోకి మాత్రమే వెళ్ళాలి. వెన్నులోకి వెళ్తే బిడ్డ దక్కదు. ఒకసారి ఎల్పీ (వెన్నులో సూది గుచ్చే లంబార్ పంక్చర్) ట్రేలో వెన్నులోకి ఎక్కించే సిరంజి పక్కన ఇంకో సిరంజి ఉంది. నేను అప్పటికే గ్లవ్స్ వేసుకున్నాను. "డాక్టర్ గారూ, ఇది ఇక్కడెందుకుంది?" అంది సిస్టర్. లేబుల్ చూస్తే విన్‌క్రిస్టీన్. ఆ రోజు నుంచి ఎల్పీ గదిలోకి దాన్ని రానివ్వలేదు, సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ బ్యాగులోనే కలపమన్నాను. నువ్వెక్కడ చేరినా మొదటి వారంలోనే ఈ సంగతి కనుక్కో. సిస్టర్ ప్రశ్న వేస్తే ఎంత తొందరలో ఉన్నా ఆగు.

తుంటి ఎముకలోంచి మూలుగ తీసే బోన్ మ్యారో పరీక్ష చేసేటప్పుడు మొలతాడు అడ్డమొస్తుంది. కత్తెర తియ్యకు. మా జూనియర్ ఒకతను అలాగే కోసేస్తే, ఆ తల్లి తెగిన తాయెత్తును గుప్పిట్లో పట్టుకుని వరండాలో కూలబడిపోయింది. పైకి జరిపి ప్లాస్టర్ వేస్తే సరిపోతుంది, అదీ తల్లినే జరపమను. స్లైడు మీద పూసిన స్మియర్ మాత్రం మైక్రోస్కోప్‌లో నీ కళ్ళతోనే చూడు, రిపోర్టు తర్వాత చదువు. కీళ్ళనొప్పులని బయట ఎవరైనా స్టెరాయిడ్ ఇచ్చి ఉంటే లుకేమియా కొన్నాళ్ళు దాక్కుంటుంది. అంతకుముందు ఏ మందు వాడారో అడగకుండా సూది పట్టుకోకు.

తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తవ్యాధి తలసీమియా ఓపీ అంటే మీవాళ్ళంతా తప్పించుకు తిరుగుతారు, నువ్వు తిరగకు. రెండుమూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకునే ఆ పిల్లల్ని ఏళ్ళ తరబడి నువ్వే చూస్తావు. వాళ్ళ ప్రాణం తీసేది ఒంట్లో పేరుకునే ఐరన్. పదమూడు, పద్నాలుగేళ్ళొచ్చాక ఆ ఐరన్‌ను బయటికి పంపే మాత్రలు మింగకుండా దాచేస్తారు, తిట్టకుండా అడిగితే ఒప్పుకుంటారు. తల్లి మళ్ళీ గర్భవతి అయితే కడుపులో బిడ్డకూ ఇదే జబ్బు వచ్చే ప్రమాదం నాలుగోవంతు ఉందని, మూడో నెల దాటకముందే పరీక్ష చేయించాలని గుర్తుచెయ్యి.

చేరడానికి ఇంకా టైముంది కదా. ఒక నాలుగు రోజులు మా ఇంటికి రా. పాత స్లైడ్ల పెట్టె అటక మీద నుంచి దింపించాను, మైక్రోస్కోప్ కూడా తుడిచి పెట్టాను.

మీ మేడమ్