ఫ్రీయే కదా అని వాడేశాం, ఇప్పుడెలా?

ప్రశ్న: అండీ, మాది ప్రొద్దుటూరు, ఉండేది బెంగళూరు మారతహళ్ళిలో. నేనూ నా రూమ్మేటూ కలిసి పీజీ ఓనర్ల కోసం ఒక యాప్ చేశాం. ఎవరు అద్దె కట్టారు, ఏ రూమ్‌లో బెడ్ ఖాళీ, రాత్రికి ఎంతమందికి చపాతీ, అన్నీ అందులోనే. అడ్రస్‌లకి గూగుల్ మ్యాప్స్, అద్దె రసీదుల పీడీఎఫ్‌కి ఐటెక్స్ట్ అనే రెడీమేడ్ కోడ్ లైబ్రరీ వాడాం. 11 పీజీలు చేరాయి, నెలకి తలా 500 తీసుకుంటున్నాం. మొన్న ఆఫీసులో ఒక సీనియర్ "లైసెన్సులు చదివారా?" అన్నాడు. చదవలేదు. ఫ్రీయే కదా అనుకున్నాం. టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ సీనియర్‌కి ఒక ఫిల్టర్ కాఫీ ఇప్పించండి. 11 పీజీల దగ్గరే అడిగాడు, 1100 అయ్యాక అడిగుంటే ఏడుపే.

అసలు ముడి రసీదుల దగ్గరుంది. ఐటెక్స్ట్‌ని డబ్బు కట్టి కమర్షియల్ లైసెన్సుతో వాడొచ్చు, లేదంటే ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద ఊరికే వాడొచ్చు. ఊరికే వాడితే, దాన్ని కలిపి కట్టిన మీ యాప్ సోర్స్ కోడ్ కూడా వాడేవాళ్ళకి ఇవ్వాలన్నది ఆ కంపెనీ మాట. "మేం ఎవరికీ కాపీ ఇవ్వలేదండీ, మా సర్వర్ మీదే నడుస్తోంది" అంటారేమో, దాని అన్నలాంటి మామూలు జీపీఎల్ లైసెన్సు దగ్గర ఆ మాట చెల్లుతుంది గానీ, 2007లో ఏజీపీఎల్ మూడో వెర్షన్ తెచ్చింది ఆ సందు మూయడానికే. ఇంకో మాట, మీరు 500 తీసుకోవడం తప్పేం కాదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. పైసా తీసుకోకపోయినా కోడ్ దాచుకుంటే చిక్కే.

నన్నడిగితే పీడీఎఫ్‌లు చేసే ఇంకో లైబ్రరీ ఉంది, అపాచీ పీడీఎఫ్‌బాక్స్, దానికి మారిపోండి. దాని లైసెన్సు అపాచీ 2.0, మీ కోడ్ బయటపెట్టక్కర్లేదు, యాప్‌ని ఎవరికైనా ఇచ్చేటప్పుడు లైసెన్సు కాపీ, వాళ్ళ నోటీసు తీసేయకుండా ఉంచితే చాలు.

మ్యాప్స్ సంగతికొస్తే, వెతికినప్పుడు వచ్చిన అక్షాంశ రేఖాంశాలు డేటాబేస్‌లో పెట్టేసుకుని ఉంటారు, అందరూ చేసేదే. గూగుల్ షరతుల ప్రకారం వాటిని 30 రోజులకి మించి ఉంచకూడదు. ప్లేస్ ఐడీ, అంటే ఒక్కో చోటికి గూగుల్ ఇచ్చే గుర్తింపు కోడ్, మాత్రం ఎన్నాళ్ళైనా దాచుకోవచ్చు, కాబట్టి అది పెట్టుకుని అవసరమైనప్పుడు గూగుల్‌నే మళ్ళీ అడగండి. ఓనరు తన చేత్తో టైప్ చేసిన అడ్రస్‌కి ఈ గొడవ లేదు.

ఇవాళ చదివిన షరతు రేపు అలాగే ఉంటుందనీ లేదు. చర్చల సైటు రెడ్డిట్ 2023లో తన ఏపీఐకి, అంటే బయటి యాప్‌లు దాని డేటా తీసుకునే దారికి, రేటు పెట్టేసరికి, దాని మీదే బతికిన అపోలో అనే రెడ్డిట్ చదివే యాప్ జూన్ 30న మూతపడింది. అందుకే ఒప్పుకున్న రోజు షరతుల పేజీని తేదీతో సేవ్ చేసి పెట్టుకోండి. పీజీలు వందలు దాటితే ఒకసారి లాయర్‌కీ చూపించండి, ఇప్పుడే ఫీజు తగలేయక్కర్లేదు.

అన్నట్టు, లైబ్రరీ మార్చాక ఓనరు పేరు తెలుగులో పెట్టి ఒక రసీదు తీసి చూడండి. ఒత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయేమో, "వెంకటేశ్వర్లు" లాంటి పేరు పెడితే ఇట్టే తెలిసిపోతుంది.